పిన్ని ఇంటి మీదుగా జనసన్నిధి

ప్రజలకూ తనకూ మధ్య ఇకమీదట గోడలుండవని కౌన్సిలర్‌గారు ప్రకటించారు. ఆ మర్నాడే నాలుగు గోడల పని మొదలుపెట్టించారు.

గోడలు లేచింది ఆయన పెరట్లోనే. ఇల్లు వెనక్కి పొడిగించి పెద్ద గది ఒకటి కట్టి, అందులో కూర్చుని ప్రజల కష్టాలు వింటారట. దానికి 'జనసన్నిధి' అని పేరు పడింది. బోర్డు పడింది. ప్రారంభానికి మంత్రిగారు వచ్చే తేదీ కూడా పడింది. స్లాబు ఒక్కటే పడలేదు.

లోపం కౌన్సిలర్‌గారిది కాదు. ఆయన ఇంటి ముందు సందు ఒకప్పుడు వెడల్పుగానే ఉండేది. ఆయన గెలిచిన ప్రతిసారీ ప్రజాభిమానం వెల్లువెత్తి, ఆ తోపులాటకు ఆయన ప్రహరీ ఒక గజం ముందుకు జరిగింది. ఇప్పుడు ఆ సందులో సైకిలుతో వెళ్లాలంటే ముందు సైకిలు వెళ్లాలి, తర్వాత మనిషి వెళ్లాలి. కాంక్రీటు లారీ వచ్చి, సందును చూసి, దండం పెట్టినంత పని చేసి వెళ్లిపోయింది.

వెంటనే ఒక అధ్యయన కమిటీ వేశారు. కమిటీ సందంతా కొలిచి, సందులో లోపమేమీ లేదనీ, లారీయే అవసరానికి మించి లావుగా ఉందనీ తేల్చింది.

మేస్త్రీ తల గోక్కున్నాడు. "కూలీల్ని వరసగా నిలబెడితే తట్టలతో అందించుకోవచ్చండీ. చేతులు మారుతూ మారుతూ..."

"చేతులు మారడమా!" కౌన్సిలర్‌గారు కుర్చీలోంచి లేచిపోయారు. "నా పదవీకాలంలోనా! మధ్యవర్తులు లేని పాలనయ్యా మనది. కాంక్రీటు డైరెక్టుగా రావాలి. పారదర్శకంగా, పైపులో రావాలి."

ఇనప పైపులో ఏమీ కనిపించదు గదా అని మేస్త్రీ అనబోయాడు. బిల్లు గుర్తొచ్చి ఊరుకున్నాడు.

పైపు పెరట్లోకి వెళ్లాలంటే కౌన్సిలర్‌గారి హాల్లోంచి వెళ్లాలి. హాల్లో పాలరాయి పరిచారు. "నా హాల్లోకి సిమెంటు అడుగుపెడితే నేను పుట్టింటికి అడుగుపెడతా" అన్నారు వారి శ్రీమతి. కౌన్సిలర్‌గారు ఇంట్లోనూ ప్రజాస్వామ్యవాదే. మెజారిటీ మాటకు తలవంచారు.

మిగిలిన దారి ఒక్కటే. పెరటి గోడకు ఆనుకుని, వెనక వీధిలో అందరూ పిన్ని అని పిలిచే ఆవిడ గది ఉంది.

పిన్ని వీధి మొత్తానికి బట్టలు ఇస్త్రీ చేసిపెడుతుంది. మొగుడు పోయాక ఆమెకు మిగిలినవి ఆ సొంత గది, ఒక ఇస్త్రీపెట్టె, ఒక ఆడపడుచు. మొదటి రెండూ అన్నం పెడతాయి. మూడోది మాట పెడుతుంది.

ఆ గదికి ఉన్నదల్లా మట్టినేల. నేలలోంచి చెమ్మ ఊరేది. పొద్దున కరకరలాడేలా మడతపెట్టిన చొక్కాలు సాయంత్రానికి మెత్తబడిపోయేవి. గిరాకీలు ఒక్కొక్కరే పక్క వీధి దుకాణానికి జారుకుంటున్నారు. మళ్లీ వానలొచ్చేలోగా నేల గట్టిపడకపోతే తన పని అయిపోయినట్టేనని పిన్నికి తెలుసు. సాయం చేయమని అడగబోయినప్పుడల్లా కౌన్సిలర్‌గారు, "నేలతల్లిని మించిన తల్లి లేదమ్మా" అని కళ్లు తుడుచుకుని పంపించేసేవారు. ఆ మాటకు పిన్నికి కూడా కళ్లు చెమర్చేవి. నేల ఎలాగూ చెమరుస్తూనే ఉండేది.

అలాంటి గదికి టేపు పట్టుకుని కౌన్సిలర్‌గారి పీఏ వచ్చాడు. కౌన్సిలర్‌గారి ఎదుట అతని నోట వేరే మాట రాదు కాబట్టి వార్డంతా అతణ్ని 'చిత్తం' అనే పిలుస్తుంది.

"పిన్నీ, అభివృద్ధి మీ గుమ్మంలోకొచ్చింది!"

"చెప్పులు విప్పి రమ్మను," అంది ఆడపడుచు.

"వీధిలోంచి పైపు గుమ్మంలోకొస్తుంది, వెనక కిటికీలోంచి పెరట్లోకి దిగుతుంది. ఒక్క పూట. ఇలా వచ్చి అలా పోతుంది."

"మా ఇంటికొచ్చిన చుట్టాలందరూ అలాగే అన్నారు," అంది ఆడపడుచు. "నేనూ అలాగే వచ్చా. అడుగు మా వదినని."

పిన్ని మాత్రం ఆశగా అడిగింది. "బాబూ, ఎలాగూ మా ఇంట్లోంచే పోతోంది కదా. నాలుగు తట్టలు ఈ నేల మీద..."

చిత్తం చెవులు మూసుకున్నాడు. "తప్పు పిన్నీ! అది ప్రజల కోసం పోతున్న కాంక్రీటు. మధ్యలో ప్రజలు ముట్టుకోకూడదు."

ఆ రోజు రానే వచ్చింది. సామానంతా వీధిలో పెట్టారు. పైపు గుమ్మంలోంచి పాకి, స్టూళ్ల మీదుగా గది దాటి, కిటికీలోంచి తల బయట పెట్టింది. లారీ గర్జించింది. పంపు మొదలవగానే పైపుకి చలిజ్వరం వచ్చినట్టు వణుకు పుట్టింది. పెరట్లో స్లాబు చెక్కల మీద మొదటి ముద్ద పడిందో లేదో, వీధిలో కారు ఆగింది.

కౌన్సిలర్‌గారు దిగారు. నిర్ఘాంతపోయారు.

"నేను రాకుండానే అభివృద్ధి ఎలా మొదలైందయ్యా?"

"చిత్తం, తప్పయిందండీ."

"ఆపండి!"

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, మధ్యలో ఆపకూడదండీ. పైపులోనే గడ్డకట్టేస్తుంది."

"నా వార్డులో నా పర్మిషన్ లేకుండా గడ్డకడుతుందా?" అన్నారు కౌన్సిలర్‌గారు చల్లగా. పంపు ఆగింది.

పైపుకి రిబ్బను కట్టారు. మైకు తెచ్చారు. పత్రికలవాళ్లు వచ్చారు. కౌన్సిలర్‌గారు రాతియుగం నుంచి మొదలుపెట్టారు. ఇనపయుగానికి వచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. "రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను" అని ఆయన ఎన్నిసార్లన్నారో అన్నిసార్లూ జనం చప్పట్లు కొట్టారు. ముగించలేదని కొట్టలేదు, ముగిస్తారన్న నమ్మకంతో కొట్టారు. ప్రజాస్వామ్యం నిలబడింది ఆ నమ్మకం మీదనే.

చివరికి రిబ్బను తెగింది, మీట నొక్కారు. పంపు మూలిగింది. పైపు ఎగిరింది. పెరట్లో ఏమీ పడలేదు.

"ఒత్తిడి పెంచండి!" అన్నారు కౌన్సిలర్‌గారు. "ఒత్తిడి లేకుండా ఏ పనైనా అయిందా ఈ ఊళ్లో?"

పెంచారు. పిన్ని గది మధ్యలో పైపు అతుకు ఫటేల్‌మంది.

గదిలో అప్పుడు పిన్నీ ఆడపడుచూ మాత్రమే ఉన్నారు. అతుకులోంచి కాంక్రీటు పాలపొంగులా దూకి, నేల మీద పడి, మెల్లగా గుమ్మం వైపు పాకడం మొదలుపెట్టింది. వదినా ఆడపడుచులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అలా ఒక్క అభిప్రాయం మీద ఉండటం ఆ ఇద్దరికీ జీవితంలో అదే మొదటిసారి.

"గుమ్మానికేదైనా అడ్డం పెట్టవే! బయటికి పోతోంది!" అంది పిన్ని చీర ఎగదోపుకుంటూ.

ఆడపడుచు గుమ్మం బయటికి చెయ్యి చాచి, వీధిలో పెట్టిన సామాన్లోంచి అందిన బట్టలమూట లాగి పైపు కింద సందులో కుక్కింది.

"ఎవరివే ఆ బట్టలు?"

"కౌన్సిలర్‌గారి తెల్లబట్టలు వదినా."

"అయితే ఇంకాస్త గట్టిగా తొక్కు."

గుమ్మం బయట పెట్టిన ఇస్త్రీబల్ల మీది చెక్క ఊడదీసి లోపలికి లాగి ఇద్దరూ చెరో కొసా పట్టుకున్నారు. మోకాళ్ల మీద కూర్చుని లాగారు, నెట్టారు, సర్దారు. "ఆ మూలకి, ఆ మూలకి!" "ఇటు పల్లంగా ఉంది వదినా!" "రానీ, రానీ, ఇంకా వస్తోంది!" జన్మలో ఎన్ని ముడతలు చదును చేసిందో, ఆ చేతివాటమంతా పిన్ని ఆ నేల మీద చూపించింది. నవ్వాపుకోలేక ఆడపడుచు ఒకసారి కాంక్రీటులో కూలబడింది. ఆ గుంట పూడ్చడానికి కొంచెం ఎక్కువే పట్టింది.

బయట కౌన్సిలర్‌గారు అడిగారు. "వెళ్తోందా?"

చిత్తం తొంగి చూశాడు. అతని మొహం రంగు మారింది. "చిత్తం, వెళ్తోందండీ. చాలా జోరుగా వెళ్తోందండీ."

"ఎక్కడిదాకా వెళ్లింది?"

"ప్రజల్లోకి వెళ్లిందండీ."

లారీ ఖాళీ అయ్యాక అందరూ గుమ్మంలోకి వచ్చారు. గోడనుంచి గోడకి అద్దంలాంటి నేల, కిటికీ గట్టు మీద కాళ్లు ముడుచుకుని కూర్చున్న ఇద్దరాడవాళ్లు, తలనుంచి కాలిదాకా బూడిదరంగు. పత్రికలవాళ్ల కెమెరాలు కౌన్సిలర్‌గారి వైపు తిరిగాయి. ఆయన ఒక్క క్షణం నేల వైపు చూశారు. రెండో క్షణంలో కెమెరాల వైపు చూశారు.

"చూశారా!" అన్నారు. "ఈ తల్లి అడిగింది. నేనిచ్చాను."

మర్నాడు పేపర్లో 'నిరుపేద గడపలోకి నేరుగా కాంక్రీటు' అని వేశారు. తమ ఇళ్లలోంచి కూడా పైపు వేయమని వీధికి వీధంతా కౌన్సిలర్‌గారి ఇంటి ముందు బారులు తీరింది. సందు సరిపోలేదు.

పిన్ని ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆరుబయటే వండుకుంటూ, పొద్దున్నా సాయంత్రం నేలకి నీళ్లు పట్టింది. నేల గట్టిపడింది. బల్ల మళ్లీ లోపలికి చేరింది. పొద్దున మడతపెట్టిన చొక్కా సాయంత్రం చేత్తో తట్టి చూస్తే టకటకమంది. జారిపోయిన గిరాకీలు సిగ్గుపడుతూ తిరిగొచ్చారు.

అవతల పెరట్లో మాత్రం చిక్కు తీరలేదు. మళ్లీ లారీ తెప్పించి, స్లాబు వేసి, అది గట్టిపడి, చెక్కలు విప్పేసరికి మంత్రిగారి తేదీ దాటిపోతుందన్నాడు మేస్త్రీ. తేదీ దాటరాదన్నారు కౌన్సిలర్‌గారు. ఆ సంగతి తాను చూసుకుంటానన్నాడు చిత్తం.

ప్రారంభం రోజున పిన్ని పొద్దున్నే మూటలు నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ బట్టలిచ్చి వచ్చింది. వీధి మొదట్లోకి వచ్చేసరికి జనం బారు కనిపించింది. ఎవరింట్లో ఏమైందో అని అడుగులు గబగబా వేసింది. బారు ఆమె గుమ్మం దగ్గర మొదలైంది. గుమ్మం పైన 'జనసన్నిధి' బోర్డు ఉంది. లోపల ఆమె ఇస్త్రీబల్ల వెనక మంత్రిగారూ, పక్కన కౌన్సిలర్‌గారూ కూర్చుని ఉన్నారు.

లోపలికి వెళ్లబోతే చిత్తం చెయ్యి అడ్డం పెట్టాడు. "లైన్లో రావాలి పిన్నీ."

"ఇది నా ఇల్లయ్యా!"

"పొద్దుట్నుంచీ కౌన్సిలర్‌గారు అదే చెబుతున్నారు పిన్నీ. ఇది మీ ఇల్లే, మీ అందరి ఇల్లు అని."

"లోపల పొయ్యి మీద అన్నం పెట్టుకోవాలి నేను."

చిత్తం లోపలికి వంగి ఏదో అడిగొచ్చాడు. "ఇంటి సమస్యలు గురువారం చూస్తారట. అయినా నీకోసం ఇవాళే వింటామన్నారు. లైన్లో నుంచో."

పిన్ని వెనక్కి నడిచింది. బారు మధ్యలోంచి ఆడపడుచు చెయ్యూపింది. "వదినా, ఇటు రా! నీ చోటు పట్టి ఉంచా. బాగానే కదుల్తోంది."

పిన్ని వెళ్లి నిలబడింది. వెనకున్న పెద్దాయన మునివేళ్ల మీద లేచి గుమ్మంలోకి చూడబోయాడు. ఏమీ కనబడక అడిగాడు.

"లోపల నేల చాలా బాగా వేశారటగా అమ్మా?"

"అద్దంలా ఉంటుందయ్యా," అంది పిన్ని. "చెప్పులు మాత్రం విప్పి వెళ్లు."