తొమ్మిదో తరగతిలో ఘర్షణ

ఆ బుధవారం ఉదయం సైన్సు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, పిల్లల తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో ఒక కబురు పెట్టాలి, బడికి వెళ్లాలి. ఆ మధ్యలోది మానేసి మిగతా రెండూ చేసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

పిల్లలు ఆయన్ని కత్తెర మాస్టారు అంటారు. జవాబు పత్రంలో అక్కర్లేని మాట ఒక్కటి కనబడితే చాలు, ఎర్ర సిరాతో కొట్టేస్తారు. పిల్లలు పేజీ నిండా రాసుకొచ్చిన జవాబు ఆయన చేతిలో పడి బయటకొచ్చేసరికి రెండు వాక్యాలు మిగులుతాయి. మార్కులు మాత్రం పూర్తిగా వేస్తారు గనక ఎవరికీ కోపం లేదు.

బలాలు, చలనం అన్న పాఠాన్ని పందొమ్మిదేళ్లుగా ఆయన సుద్దముక్కతోనే చెబుతున్నారు. వరండా చివర సైన్సు గది అంటూ ఒకటి ఉంది గాని, అందులో విరిగిన బల్లలు కాపురముండేవి. ఈ ఏడు సెలవుల్లో ఆయనే చీపురు పట్టుకుని ఆ గది ఊడ్చారు, గోడలకు రంగు వేశారు, కిటికీలకు చిలుకులు బిగించారు. అంతా అయ్యాక హెడ్మాస్టరుగారు వచ్చి చూసి, చాలా బాగుందని మెచ్చుకుని, ఆఫీసు బీరువాలకు అచ్చంగా సరిపోతుందన్నారు.

"పందొమ్మిదేళ్లు ఆగానండి" అన్నారు మాస్టారు.

"సరే. గురువారం పై ఆఫీసు నుంచి తనిఖీకి మేడమ్ వస్తున్నారు. ఆవిడ ముందు ఆ గదిలో పిల్లల చేత ఒక్క ప్రయోగం చేయించండి, గది మీది. లేదంటే బీరువాలది."

ఆ ఒక్క ప్రయోగానికే ఈ కబురు. ఇటుకకు తాడు కట్టి నేల మీద లాగడం, ఎంత బలం పట్టిందో స్ప్రింగు త్రాసులో చూసి రాసుకోవడం. గరుకు నేల మీద ఒకసారి, నున్నటి నేల మీద ఒకసారి, నూనె పూసి ఒకసారి. మాస్టారు ఫోన్‌లో టైపు చేసి, అలవాటు చొప్పున కత్తిరించి, భార్యకు చూపించారు.

"రేపు పదిన్నరకు తొమ్మిదో తరగతిలో ఘర్షణ. ముందు ఎ సెక్షన్, తర్వాత బి. పిల్లలు తలా ఒక ఇటుక, రెండు మీటర్ల తాడు తేవాలి."

ఆవిడ కోర్టులో టైపిస్టు. రెండుసార్లు చదివింది.

"ఏవండీ, ఘర్షణ 'అనే పాఠం' అని పెట్టకూడదూ?"

"ముందు పెట్టాను, తీసేశాను. బడిలో ఘర్షణ అంటే పాఠం కాక ఇంకేమవుతుంది?"

"మా కోర్టులో అయితే కేసవుతుంది."

"శాస్త్రంలో ఒక్క మాట కూడా దండగ పోకూడదు" అని మాస్టారు కబురు పంపేశారు. ఆవిడ ఇరవై ఏళ్లుగా లాయర్ల వాదనలు వింటున్న మనిషి. ఎవరితో వాదించి లాభం లేదో ఇట్టే పోల్చుకోగలదు. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

మాస్టారికి తెలియని సంగతి ఒకటుంది. అంతకు ముందు శనివారం, ఆయన సైన్సు గదిలో కిటికీలు తుడుచుకుంటున్న వేళ, బయట మైదానంలో బంతి కోసం ఎ సెక్షన్‌కీ బి సెక్షన్‌కీ పెద్ద రగడ జరిగింది. మూడు చొక్కాలు చిరిగాయి. పిల్లలు సోమవారానికల్లా మరిచిపోయారు గాని, పెద్దవాళ్లు అంత తేలిగ్గా మరిచిపోయే రకం కాదు. బడి గేటు దగ్గర ఎ తల్లిదండ్రులు ఒక పక్కన, బి తల్లిదండ్రులు ఇంకో పక్కన నిలబడడం మొదలుపెట్టారు.

కబురు వెళ్లిన అయిదు నిమిషాలకు, ఎ సెక్షన్‌లో కూతురున్న బస్సు డ్రైవరు నుంచి జవాబు వచ్చింది. "మాస్టారూ, ఈ ఘర్షణ తప్పదంటారా?"

పందొమ్మిదేళ్లలో ఒక తండ్రి పాఠం గురించి అడగడం ఇదే మొదలు. మాస్టారు ఉబ్బితబ్బిబ్బయ్యారు. "తప్పదు. ఘర్షణ లేనిదే మనిషి ఒక్క అడుగు ముందుకు వేయలేడు" అని రాశారు.

"మా అమ్మాయి బక్కపలచగా ఉంటుందండి. తట్టుకుంటుందా?"

బరువైన ఇటుక లాగలేదేమోనని భయం కాబోలు అనుకున్నారు మాస్టారు. "బరువు తక్కువైతే ఘర్షణా తక్కువే. తేలికవాటితోనే మొదలుపెడతాం."

ఈసారి బి సెక్షన్ నుంచి ఒక నర్సమ్మ అందుకుంది. "దెబ్బలు తగిలితే ఎవరిది బాధ్యత?"

"తాడు ఒరుసుకుని చేతులు కాస్త గీరుకుపోవచ్చు. దూది ఉంది."

"పెద్దవారు మీరుండి ఆపలేరా?"

"పూర్తిగా ఆపడం ఎవరివల్లా కాదమ్మా. తగ్గించడానికి నేను నూనె తెస్తున్నాను."

నూనె మాట వచ్చాక గ్రూపులో ఇక ఎవరూ ఏమీ అడగలేదు. అందరికీ అర్థమైందని మాస్టారు చంకలు గుద్దుకున్నారు.

గురువారం ఉదయం ఆయన రెండు లీటర్ల నూనె డబ్బా, సంచీ నిండా త్రాసులు పట్టుకుని బడికి చేరేసరికి ఆవరణంతా జనం. గేటుకి ఎడమ పక్కన ఎ తల్లిదండ్రులు, కుడి పక్కన బి తల్లిదండ్రులు. ఒక్క పాఠం కోసం ఇంతమంది పనులు మానుకుని వచ్చారా అని ఆయన మురిసిపోయారు. ఒక కానిస్టేబుల్ ఎదురొచ్చాడు.

"ఘర్షణ పెట్టింది మీరేనా?"

"నేనే" అన్నారు మాస్టారు వినయంగా.

"ఆ డబ్బాలో ఏంటి?"

"నూనె. ఆఖర్లో పోస్తాం."

కానిస్టేబుల్ రెండడుగులు వెనక్కి వేశాడు.

ఈలోగా హెడ్మాస్టరుగారు పరుగులాంటి నడకతో వచ్చారు. "మతిగాని పోయిందా మాస్టారూ! పిల్లలకు ఇటుకలిచ్చి కొట్టిస్తారా? పొద్దుట్నుంచి పదకొండు ఫోన్లు! ఒక్కొక్కరి దగ్గరా ఇటుక లాక్కునేసరికి నా నడుం పడిపోయింది!" ఆయన చూపించిన వైపు, ఆఫీసు ముందు, ఎనభై రెండు ఇటుకలు గుట్టగా పడి ఉన్నాయి.

మాస్టారు ఆ గుట్టను చూశారు, జనాన్ని చూశారు, చేతిలో డబ్బాను చూసుకున్నారు. తను కొట్టేసిన రెండు మాటలూ అప్పుడు కళ్ల ముందు కనబడ్డాయి. "అది పాఠమండీ" అన్నారు నీరసంగా.

"ఏదైతేనేం, ఇక ప్రయోగం లేదు, గది లేదు. మొదటి బీరువా తోయించేశాను కూడా. గుమ్మంలో ఇరుక్కుంది గాని, రేపటికి లోపలికి పోతుంది."

మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడే మేడమ్ కారు దిగారు. చిన్న నోటు పుస్తకం, ఇంకా చిన్న పెన్సిలు తప్ప ఆవిడ చేతిలో ఏమీ లేవు.

"ఈ ఇటుకలేంటి?" అన్నదే ఆవిడ మొదటి మాట.

కొట్లాట కోసమని చెబితే ఉద్యోగం పోతుంది. హెడ్మాస్టరుగారు ముందుకొచ్చారు. "సైన్సు గదిలో అరుగు కట్టడానికండి. పిల్లల తల్లిదండ్రులే తెచ్చారు. కట్టడానికి కూడా వాళ్లే వచ్చారు."

"మంచిది. గది చూద్దాం పదండి."

హెడ్మాస్టరుగారికి అప్పుడు గుర్తొచ్చింది బీరువా. ఊరేగింపులా అందరూ వరండా చివరికి వెళ్లారు. గుమ్మంలో ఇనుప బీరువా, సగం లోపల, సగం బయట.

"తీయించండి" అన్నారు మేడమ్.

అరుగు కట్టడానికి వచ్చినవాళ్లు బీరువా తీయలేమంటే బాగుండదు. తల్లిదండ్రులు ముందుకు వచ్చారు. కానీ ఒకే వైపు నిలబడడం రెండు పక్షాలకూ ఇష్టం లేదు. డ్రైవరు తన వాళ్లతో వెనక తలుపు గుండా గదిలోకి వెళ్లి బయటికి తోయడం మొదలుపెట్టాడు. నర్సమ్మ తన వాళ్లతో వరండాలో నిలబడి లోపలికి తోసింది. బీరువా కిర్రుమంది గాని, అంగుళం కదల్లేదు.

"ఇంతమంది తోస్తున్నా కదలదేం?" అన్నారు మేడమ్, పక్కనే ఉన్న బక్కపలచని పిల్లతో. ఆ పిల్ల డ్రైవరు కూతురే.

"మా నాన్నవాళ్లు ఇటు తోస్తున్నారండి, ఆంటీవాళ్లు అటు తోస్తున్నారు. రెండూ సమానం. కలిపితే సున్నా."

మాస్టారు తల ఎత్తారు. మేడమ్ పెన్సిలు తీశారు. "మరేం చేయాలి?"

"అందరూ ఒక వైపుకి రావాలండి. అప్పటికీ కదలకపోతే కింద ఘర్షణ తగ్గించాలి."

ఆ మాట వినగానే కానిస్టేబుల్ చెయ్యి లాఠీ మీదికి పోయింది. బీరువా వెనక నుంచి డ్రైవరు గొంతు వినబడింది.

"ఘర్షణంటే ఇదా అమ్మా?"

"ఇదే నాన్నా. పాఠం."

నర్సమ్మ డబ్బా వైపు చూసింది. "అయితే మాస్టారూ, నూనె..."

"దీనికేనమ్మా."

ఆవిడ మొహం ఎర్రబడింది. తన వాళ్లను తీసుకుని వెనక తలుపు వైపు నడిచింది. ఎ, బి అన్న తేడా లేకుండా అందరూ బీరువాకు ఒకే వైపు చేరారు. కానిస్టేబుల్ కూడా వెళ్లాడు. మాస్టారు ఇటుకకు చెంచాడు చొప్పున లెక్కేసుకుని తెచ్చిన నూనె అది. సంతోషం పట్టలేక డబ్బా అంతా బీరువా కిందా ముందూ ఒంపేశారు.

వరండా నున్నటి బండలది. ఆఫీసు వైపు కాస్త వాలుగా ఉంటుంది. బీరువా ముందు కదల్లేదు, తర్వాత కదిలింది, ఆ తర్వాత ఆగలేదు. తోసినవాళ్లు నూనెలో జారి ఒకరి మీద ఒకరు పడ్డారు. డ్రైవరు మీద నర్సమ్మ భర్త, ఆయన మీద కానిస్టేబుల్. బీరువా మాత్రం ఎవరి సాయమూ లేకుండా హుందాగా వెళుతోంది.

"ఎవరూ తోయడం లేదుగా, ఇంకా ఎందుకు పోతోంది?" అన్నారు మేడమ్ వెంట నడుస్తూ.

"బయటి బలం ఏదో ఒకటి ఆపేదాకా పోతుందండి" అంది పిల్ల.

హెడ్మాస్టరుగారు చేతులు బార్లా చాపి అడ్డంగా నిలబడ్డారు.

"ఆయన సరిపోరండి" అంది పిల్ల.

ఆ సంగతి హెడ్మాస్టరుగారికీ సమయానికే తోచింది, పక్కకు దూకారు. ఎనభై రెండు ఇటుకలు మాత్రం సరిపోయాయి. బీరువా వాటికి గుద్దుకుని ఆగింది. తలుపులు తెరుచుకుని, లోపలున్న రిజిస్టర్లు ఆగకుండా ముందుకే ఎగిరి ఆఫీసు గది నిండా పడ్డాయి.

"జడత్వం!" అన్నారు పిల్లలంతా ఒక్కసారిగా.

మేడమ్ నోటు పుస్తకంలో ఒకే ఒక్క వాక్యం రాసుకుని మూసేశారు. కారెక్కే ముందు హెడ్మాస్టరుగారితో, ఆ గదిలో ఇంకెప్పుడూ బీరువా కనబడకూడదని, అరుగు వారంలో పూర్తవ్వాలని చెప్పారు. తను ఆడిన అబద్ధం కనక హెడ్మాస్టరుగారే దగ్గరుండి కట్టించారు. ఎ తల్లిదండ్రులు ఇటుకలు అందిస్తే బి తల్లిదండ్రులు పేర్చారు. చివరి రోజు సాయంత్రం మాస్టారు ఆ అరుగు మీద ఒక్కరే కూర్చుని, గది నాలుగు గోడలూ తనివితీరా చూసుకున్నారు. జీవితంలో అంత సుఖంగా ఆయన ఎప్పుడూ కూర్చోలేదు.

రెండు వారాల తర్వాత పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మేడమ్‌కు కూడా మాటలు దండగ చేయడం గిట్టదట. ఆవిడ నివేదికలోని ఆ ఒక్క వాక్యాన్ని ఉత్తరంలో ఎత్తి రాశారు. "తొమ్మిదో తరగతిలో ఘర్షణ కళ్లారా చూశాను, తల్లిదండ్రులు, పోలీసు ఉత్సాహంగా పాల్గొన్నారు, అన్ని బడుల్లోనూ నెలకోసారి జరగాలి." దీనికి మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని కింద ఉంది.

మాస్టారు ఆ ఉత్తరం తీసుకెళ్లి భార్య ముందు పెట్టారు. ఆవిడ కాగితం బిగించి టైపు చేసి ఇచ్చింది. సంజాయిషీ నాలుగు పేజీలు వచ్చింది, అందులో "అనే పాఠం" ఇరవై మూడు చోట్ల ఉంది, మాస్టారు ఒక్కటీ కొట్టేయలేదు.