నాన్నమ్మ లేని ఇంటికి ఐదు పాయింట్లు

ఏ దేశానికైనా భౌగోళిక స్వరూపం, సంస్కృతి, ఆర్థిక వ్యవస్థ అని మూడు ఉంటాయి. వాటిని వివరించడానికి వేరే దేశాల్లో లావుపాటి పుస్తకాలు రాస్తారు. మా బల్గేరియాలో అంత శ్రమ లేదు. పిల్లల బడి దరఖాస్తు నింపితే మూడూ తెలిసిపోతాయి.

మా కాలీనాకు మూడేళ్లు నిండాయి. సెప్టెంబరు పదిహేను దాకా నా మిషను ఇంకొకరికి ఇవ్వనని కుట్టుకేంద్రం యజమానురాలు మాటిచ్చింది. దాని మీద గుడ్డ కూడా కప్పి ఉంచింది. బడిలో సీటు దొరికితే ఆ గుడ్డ నేను తీస్తాను. దొరక్కపోతే ఇంకెవరో తీస్తారు.

సీట్ల కేటాయింపు విభాగం మా ఊళ్లో ఒక నేలమాళిగ దుకాణంలో ఉంది. కిటికీ రోడ్డుకు జానెడు ఎత్తులో ఉంటుంది కాబట్టి పౌరులు మోకాళ్ల మీద కూర్చుని సేవలు పొందుతారు. (ఇలాంటి కిటికీలు మొదట సిగరెట్లూ బీర్లూ అమ్మేవాళ్లు పెట్టారు. ప్రభుత్వానికి ఆ ఎత్తు నచ్చింది.)

దరఖాస్తులో మొదటి అధ్యాయం భౌగోళికం. ఉత్తరాన డాన్యూబ్, తూర్పున నల్ల సముద్రం, నడుమ బాల్కన్ కొండలు అందరికీ సమానమే కనుక వాటికి పాయింట్లు లేవు. ఇంటికీ బడికీ మధ్య దూరానికే పాయింట్లు. దగ్గరే కాబట్టి ఆరు వచ్చాయి. మాది ఎనిమిదో అంతస్తు, లిఫ్ట్ కదిలి మూడేళ్లయింది, కొండప్రాంతం కింద ఇంకొకటి ఇప్పించమని అడిగాను. కాగితాల్లో లిఫ్ట్ నడుస్తోంది కనుక మాది మైదానమేనని తేల్చారు.

తర్వాత ఆర్థిక వ్యవస్థ. దేశ ఎగుమతుల్లో మన ఇంటి వాటా రాయాలి. గులాబీ నూనె, పొద్దుతిరుగుడు గింజలు మా దగ్గర లేవు. భర్త అని రాశాను. ఆయన జర్మనీలో లారీ నడుపుతారు, ఈస్టరుకోసారి, క్రిస్మస్‌కోసారి దిగుమతి అవుతారు. మా అమ్మను కూడా రాశాను. ఇటలీలో వేరేవాళ్ల అమ్మకు సూప్ తాగిస్తోంది. ఇద్దరికీ కలిపి రెండు పాయింట్లు ఇచ్చారు.

సంస్కృతి దగ్గర మునిగాను. ఇంట్లో నాన్నమ్మ గానీ అమ్మమ్మ గానీ సజీవంగా ఉన్నారా అని ప్రశ్న. ఉంటే సున్నా, లేకపోతే ఐదు. నాన్నమ్మ జాతీయ సాంస్కృతిక సంపద అనీ, ఆ సంపద ఉన్న ఇంటికి బడి కూడా ఇవ్వడం దుబారా అనీ నిబంధన 7-బి వివరిస్తుంది. నిరుడు సీటు దక్కిన ఆఖరి పిల్లకు పదకొండు పాయింట్లు. మాకు ఎనిమిది.

మా అత్తగారు స్తంకాకు డెబ్భై ఒకటి. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. కాలీనా వెనక ఓ గంట తిరిగితే మర్నాడంతా మంచమే. అది రాయడానికి దరఖాస్తులో గడి లేదు.

నేను ఏడుస్తూ ఇదంతా చెబుతుంటే ఆవిడ కాల్చిన బుట్టమిరపకాయల తొక్క తీస్తూ విన్నారు.

"దీనికింత ఏడుపెందుకే పిల్లా. నేను పోతే సరిపోతుందిగా."

"అత్తయ్యా, అట్లా అనకండి," అని దిష్టి తగలకుండా బల్ల మీద మూడుసార్లు కొట్టాను. (బల్ల అసలు చెక్కదేనా అని అనుమానం వచ్చి తలుపు మీద కూడా కొట్టాను.)

"నిజంగా పోతాననలేదే. కాగితం అంటించమంటున్నా."

మా దగ్గర మనిషి పోతే ఫొటో, పేరు, వయసు వేసి ఒక కాగితం తలుపు మీదా కరెంటు స్తంభాల మీదా బస్టాపులోనూ అంటిస్తాం. నలభయ్యో రోజున మళ్లీ, ఆర్నెల్లకు మళ్లీ, ఏడాదికి మళ్లీ. మరణ ధ్రువపత్రం వేరే శాఖది కాబట్టి కేటాయింపు విభాగం తలుపునే నమ్ముతుంది.

ఫొటో ఆవిడే ఎంచుకున్నారు. ముప్ఫై ఐదేళ్ల వయసులో వర్నా సముద్రపు ఒడ్డున దిగింది. వయసు వేయొద్దన్నారు. 'మంచి మనసున్న మనిషి' అని నేను రాయిస్తే, చేతి వంట సంగతి ఎందుకు వదిలేశావని తిరగరాయించారు. అంటించిన రోజే ఐదో అంతస్తు పెన్కా ఆచారం ప్రకారం ఉడికించిన గోధుమలు పట్టుకొచ్చి గుమ్మం దగ్గర పెట్టి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. అత్తగారు రెండు చెంచాలు తిని పంచదార తక్కువైందన్నారు.

మూడో రోజున విచారణాధికారి మెతోది వచ్చాడు. ఎనిమిది అంతస్తుల మైదానం ఎక్కి, రొప్పుతూ తలుపు మీది కాగితం చదువుకున్నాడు. ఈలోగా తలుపు తీసింది అత్తగారే. లోపలే ఉండమని నేను నూటొక్కసార్లు చెప్పాను, కానీ గుమ్మంలో మనిషి రొప్పుతుంటే ఆవిడ ఆగలేరు. కుర్చీ వేసి రకియా పోశారు. (అది ప్లం పండ్ల సారా. చావు ఇళ్లలో విధిగా, మిగతా ఇళ్లలో ఇష్టంగా తాగుతారు.)

"తమరు?" అన్నాడు.



"అక్కని," అన్నారు అత్తగారు.

అతను ఫొటో వంకా ఆవిడ వంకా చూశాడు. "మీకంటే చాలా చిన్నది, పాపం."

అత్తగారు మొహం గంటు పెట్టుకున్నారు. అతను పోయినవాళ్ల కోసం నాలుగు చుక్కలు నేల మీద ఒంపి, "దేవుడు ఆమెను క్షమించుగాక" అన్నాడు.

"ఎందుకు? ఆవిడేం చేసిందనీ?" అంటూ అత్తగారు ఆ చుక్కలు గుడ్డతో తుడిచేశారు.

పదమూడు పాయింట్లతో కాలీనాకు సీటొచ్చింది. ఉత్తరం రెండో పేజీలో నిబంధన తొమ్మిది ఉంది. కొత్త పిల్లలను మొదటి నెలంతా మధ్యాహ్నం పన్నెండుకే వదిలేస్తారు. ఆ వేళకు తల్లి పనిలో ఉండాలి, లేకపోతే ఆర్థిక పాయింట్లు రద్దు. కనుక పిల్లను నాన్నమ్మ గానీ అమ్మమ్మ గానీ స్వయంగా వచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లాలి. అక్కలూ చెల్లెళ్లూ చెల్లరు.

పరిగెత్తుకెళ్లి కిటికీ ముందు మోకాళ్ల మీద కూలబడ్డాను.

"మా అత్తగారు పోయారు కదండీ. మరి పిల్లనెవరు తీసుకెళ్లాలి?"

లోపలి గుమాస్తా తలెత్తలేదు. "పోతే పోయారు. పన్నెండుకు ఖాళీగానే ఉంటారుగా?"

సెప్టెంబరు పదిహేనున మిషను మీది గుడ్డ నేనే తీశాను. కుట్టుకేంద్రం కిటికీలోంచి బడి గేటు కనిపిస్తుంది. పన్నెండుకు అక్కడ ఇరవై ఆరుగురు ముసలమ్మలు వరసగా నిలబడ్డారు. అందరివీ నేను బస్టాపులో చూసిన ముఖాలే, కాకపోతే కాగితాల మీద ఇంకాస్త చిన్న వయసులో ఉన్నారు. మెతోది రిజిస్టరు పట్టుకుని ఒక్కొక్కరి చేత సంతకం పెట్టించాడు. బంధుత్వం: నాన్నమ్మ. స్థితి: దివంగత. గేటు బయట పెన్కా మనవడి చెయ్యి పట్టుకుని చూస్తోంది. వాళ్ల కోడలు దరఖాస్తులో నిజం రాసింది. వెయిటింగ్ లిస్టులో ఆ పిల్లవాడిది మొదటి పేరు.

అత్తగారు కాలీనాను పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ రోడ్డు దాటేదాకా నేను మిషను తొక్కలేదు.

దేశంలో జనాభా ఏటేటా తగ్గిపోతోందని వార్తల్లో దిగులుగా చెబుతుంటారు. అంత దిగులు అక్కర్లేదు. తగ్గినవాళ్లే పిల్లల్ని ఇంటికి తీసుకెళ్తున్నారు.