కంటి ఆసుపత్రిలో సగం మంది మాయం

"నేరం నన్ను చూస్తే గజగజ వణుకుతుంది వదినా. ఇలాంటి మెదడు శతాబ్దానికి ఒక్కటే పుడుతుంది" అని ప్రకటించాడు కంటి డాక్టరమ్మగారి మరిది. డేగకన్ను అనే బిరుదు ఆయనకు ఆయనే ఇచ్చుకున్నాడు. ఇంకెవరూ ఇచ్చే సూచన లేదు గనుక.

ఆసుపత్రి వెబ్‌సైట్‌లో అపాయింట్‌మెంటు కావాలంటే ఫోన్ నంబరు ఇవ్వాలి. అందులో అన్నీ అంకెలేనా, సరిగ్గా పది ఉన్నాయా అని సరిచూసే చిన్న కోడు నమూనాను, ప్రోగ్రామింగు కొత్తగా నేర్చుకున్న ఒక అమ్మాయి రాసింది. బాగానే నడిచింది. నిన్నటి నుంచి మాత్రం ఒకరి నంబరును ఒప్పుకుని, తరువాతివారి నంబరును తప్పని తిప్పికొడుతోంది. చూపు మసకబారిన వృద్ధులు వరండాలో కూర్చుని, ఫోన్లను ముక్కుకు ఆనించుకుని అవే అంకెలు మళ్లీ నొక్కుతున్నారు. సాయంత్రంలోగా కారణం తేలకపోతే అమ్మాయి ఉద్యోగం ఊడినట్టే.

కారణం వెతుకుదామంటే కంప్యూటరు ముందు డేగకన్ను తిష్ఠ వేశాడు. అది నేరస్థలమట.

"ఒక్కసారి చూడనివ్వండి సార్. చిన్న పని."

"హంతకులందరూ ఇదే మాట అంటారు."

"ఎవరు చచ్చిపోయారు సార్?"

"అదే దర్యాప్తు చేస్తున్నాను."

అమ్మాయికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. రెంటినీ మింగింది. యజమానురాలి మరిది తెలివితక్కువతనాన్ని కూడా జీతగాళ్లే మోయాలి.

"ఒకరు లోపలికి, ఒకరు బయటికి. ముఠా పని వదినా. ఈ పిల్ల సగం మంది రోగులను పక్క వీధి డాక్టరుకు అమ్ముకుంటోంది."

"పక్క వీధిలో ఉన్నాయన పళ్ల డాక్టరు కదయ్యా."

"వేషం మార్చాడు."

"ఇదిగో, కుట్ర ఇక్కడే ఉంది" అంటూ డేగకన్ను నమూనా చివర కర్సరు పెట్టి, కళ్లు చిట్లించి ముందుకు వంగాడు. ఆయన బొజ్జ కీబోర్డు మీద వాలింది. ఒక అక్షరం చెరిగిపోయింది. ఫైలు దానంతటదే సేవ్ అయింది.

కాసేపటికి వరండాలోంచి రిసెప్షనిస్టు తొంగిచూసింది. "మేడం, ఇప్పుడు అందరి నంబర్లూ తీసుకుంటోంది."

డేగకన్ను మండిపడ్డాడు. "నమూనా చివర నా 'జి' అక్షరాన్ని ఎవరు తీశారు? నిన్న పొద్దున నా చేత్తో చేర్చాను. అది ఉంటేనే క్షుణ్ణంగా వెతుకుతుందని చదివాను."

"అది ఉంటే, కిందటి నంబరు దగ్గర ఎక్కడ ఆగిందో గుర్తుంచుకుని, తరువాతి నంబరును అక్కడి నుంచే చూస్తుంది మేడం" అంది అమ్మాయి, ఒక్కో మాటా ఒత్తి పలుకుతూ. "అక్కడ ఇంక అంకెలుండవు. తప్పంటుంది. ఆ పై నంబరుకు మళ్లీ మొదటికొస్తుంది."

డాక్టరమ్మ మరిది వైపు తిరిగింది. "ముందు ఈ పిల్లకు క్షమాపణ చెప్పు. తరవాత వరండాలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, తప్పు నాదని చెప్పు."

"చెప్తాను వదినా. కానీ దోషిని పట్టుకున్నది నేనేనని మాత్రం మరచిపోకండి."

"మరచిపోం సార్. ఆ కుర్చీ కాస్త ఖాళీ చెయ్యండి" అంది అమ్మాయి.