బుగ్గ మీద అయిదు వేళ్ళు

ఆ సోమవారం పొద్దున కళ్ళజోళ్ళ దుకాణదారుకి పెద్ద పనులేమీ లేవు. బడిలో ఫొటో తీసే రోజు కాబట్టి కూతురికి జడ వేసి, ఇస్త్రీ గౌను తొడిగి, బడి దగ్గర దింపి, దుకాణం తెరవాలి. అంతే. ఆ పిల్లని అందరూ పిచ్చుక అంటారు. ఒకచోట నిలవదు, నోరు మూయదు. ఆ పూట మాత్రం అద్దం ముందు కదలకుండా నిలబడి ఉంది.

"నాన్నా, చెయ్యి వచ్చింది" అంది.

"ఏ చెయ్యి?"

పిల్ల ఇటు తిరిగింది. ఎడమ బుగ్గ మీద అయిదు వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి. పెద్దవాళ్ళ చెయ్యి అది.

"ఎవరు కొట్టారమ్మా?"

"ఎవరూ కొట్టలేదు. పడుకునేటప్పుడు లేదు, లేచేసరికి ఉంది. దురదగా ఉంది."

ఏడుస్తూ చెప్పి ఉంటే అతనికి కాస్త ధైర్యంగా ఉండేది. పాలు విరిగిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పింది.

మధ్యాహ్నానికల్లా టీచరు, బ్యాంకులో పనిచేస్తున్న అతని భార్యకి ఫోను చేసింది. ఇంట్లో పిల్ల మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటారా అని అడిగింది. సాయంత్రం భార్య చెప్పులు విప్పకుండానే భర్త ముందు నిలబడింది.

"మీరేమైనా..."

"నేనా? నేను దోమని కూడా కొట్టను!"

"నేను దోమ సంగతి అడగలేదు."

అప్పటికి అత్తగారు వచ్చి వారం అవుతోంది. ఉన్న కాస్త పరువూ ఆమె ముందే పోయిందని అతనికి ప్రాణం చచ్చినంత పనైంది. ఆమె దగ్గర అతనికి ఒక్క విషయంలోనే గౌరవం ఉండేది. పువ్వులూ, ఆకులూ, తొక్కలూ వేసి తానే కాచుకున్న తలనూనె సీసా ఒకటి తెచ్చుకుంది. ఆ మూత ఆమెకి రాదు. రోజూ సాయంత్రం "అల్లుడుగారూ, కాస్త ఈ మూత చూస్తారా?" అని పిలుస్తుంది. అతను ఒక్క మెలికతో తీసి ఇస్తాడు. ఉప్పు మొదలు జీతం దాకా దేనిలోనూ తన మాట చెల్లని ఇంట్లో అతను ఏలే రాజ్యం అదొక్కటే. ఇల్లంతా ఆ నూనె వాసనే గనక దాని గురించి ఎవరూ మాట్లాడుకోవడం కూడా మానేశారు.

వారం తిరగకుండా ఇంకో చెయ్యి వచ్చింది, ఈసారి భుజం మీద. ఆ తరవాత మెడ వెనక. ఏ గుర్తూ ఎవరి కళ్ళ ముందూ పడలేదు. రాత్రి నున్నగా ఉన్న చర్మం మీద పొద్దుటికల్లా లోపలినుంచి ఎవరో నొక్కినట్టు నెమ్మదిగా పైకి వచ్చేది.

కింది వాటా ఆవిడ అత్తగారి చెవిలో ఓ మాట వేసింది. వీళ్ళకంటే ముందు ఈ గదుల్లో ఒక డ్రిల్లు మాస్టారు ఉండేవాడట. చెంపదెబ్బలకి పెట్టింది పేరట. పిల్ల పడుకునే గదిలోనే పోయాడట.

"దెయ్యం కొడితే దురదెందుకు పెడుతుందమ్మా?" అంది భార్య.

"పోయినవాళ్ళ చెయ్యి మరి. నీ చెయ్యీ నా చెయ్యీ లాగా ఉంటుందా?" అంది అత్తగారు.

ఆ మాట విన్నాక మెట్ల మీది బల్బు మిణుకుమన్నా అందరూ తల పైకెత్తేవారు. పిచ్చుక ఒక్కతే నిశ్చింతగా ఉంది. బడిలో పిల్లలు వరసకట్టి మరీ ఆమె బుగ్గ మీది దెయ్యం చెయ్యి చూసిపోతున్నారు.

ఆదివారం మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే అతను పక్కన కూర్చున్నాడు. ఏం తోచిందో, తన కుడి చేతిని తాకీ తాకనట్టు ఆమె బుగ్గ మీది గుర్తు మీద పట్టాడు. సరిగ్గా సరిపోయింది. వేలికి వేలు, కణుపుకి కణుపు. చిన్నప్పుడు విరిగి వంకరగా అతుక్కున్న అతని చిటికెన వేలు ఎటు వంగిందో, ఆ ఎర్రటి చిటికెన వేలూ అటే వంగి ఉంది. డ్రిల్లు మాస్టారు మీద భయం పోయి, తన మీద తనకే భయం పట్టుకుంది. నిద్రలో లేచి తానే కొడుతున్నాడా?

ఆ సాయంత్రం నుంచి ఉన్ని చేతితొడుగులు వేసుకుని తిరగడం మొదలుపెట్టాడు.

"ఈ ఉక్కలోనా?" అంది భార్య.

"చలిగా ఉంది" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

తొడుగులున్నాయన్న ధైర్యంతో పిల్లని మునుపటికంటే ఎక్కువే ముద్దు చేశాడు. రెండ్రోజులకి వీపు మీద మరో చెయ్యి తేలింది. ఈసారి దాని నిండా సన్నటి అల్లిక గళ్ళు కూడా ఉన్నాయి.

"పాపం, డ్రిల్లు మాస్టారికీ చలేస్తోంది కాబోలు" అంది అత్తగారు.

భార్య ఆ గళ్ళ వంక చూసింది, మొగుడి చేతుల వంక చూసింది. తరవాత "రేపు డాక్టరుకి చూపించి, అటునుంచి అటే పిల్లని తీసుకుని అమ్మతో వెళ్ళిపోతాను" అంది.

"వెళ్ళు. నేను లేనిచోటే దానికి మంచిది" అన్నాడు. నిజంగానే అలా అనుకుంటున్నాడు.

మర్నాడు నలుగురూ వెళ్తే, చర్మం డాక్టరమ్మ పిల్ల వీపు చూసి, అతని తొడుగులు చూసి, ఒకటి లాగి వాసన చూసింది.

"ఏం నూనె ఇది?"

"నాదే. పిల్లకి ఒక్క చుక్క రాయలేదు. రాసినా భయం లేదులెండి, అంతా ప్రకృతిసిద్ధం" అంది అత్తగారు గర్వంగా.

"దురదగొండి కూడా ప్రకృతిసిద్ధమేనండీ" అంది డాక్టరమ్మ. "ఇలాంటివి కొందరు పిల్లల ఒంటికి పడవు. పూసినరోజు ఏమీ తెలీదు. ఒకటి రెండు రోజులకి దద్దు లేస్తుంది. మీ చేతికి ఎలా అంటిందండీ?"

"మూత తీస్తానండీ. తీశాక పిల్ల ఎదురొస్తుంది, పట్టుకుంటాను."

"ఒక్క మూతకి చెయ్యంతా నూనేనా?"

అతను తల దించుకున్నాడు. "ఆవిడ రాసుకున్నాక రెండు చేతులతో నా బలమంతా పెట్టి మూత బిగిస్తానండీ. నూనె కారినా వదలను. మళ్ళీ ఆవిడకి రాకూడదని."

"రోజూ అంతలా ఎందుకు బిగుసుకుపోతుందా అనుకున్నాను!" అంది అత్తగారు. భార్య నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది. మొగుడి మోచెయ్యి పట్టుకుని "నన్ను క్షమించండి" అంది. పూతమందు రాయించుకుని అందరూ ఇంటికే వచ్చారు. ప్రయాణం ఆగిపోయింది. పిల్ల పూర్తిగా నయమయ్యేదాకా తానే దగ్గరుండి చూసుకుంటానని అత్తగారు మకాం ఇంకో నెల పొడిగించింది.

అతను సబ్బుతో చేతులు తోమి తోమి కడుక్కుని వచ్చి కూతురి ముందు చాచాడు. పిచ్చుక వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంటే మనింట్లో దెయ్యం లేదా?"

"లేదమ్మా. నాన్నే."

ఇన్నాళ్ళూ కన్నీటి చుక్క రాల్చని పిల్ల అప్పుడు బావురుమంది. బడిలో ఇక ముఖం ఎలా చూపించాలి? ఏడ్చి ఏడ్చి, చివరికి తన బుగ్గ తెచ్చి ఆ తడి అరచేతిలోనే పెట్టుకుంది. అతను ఊపిరి బిగబట్టి, అలసిపోయి ఆమె నిద్రపోయేదాకా కదల్లేదు.

మర్నాడు బడిలో పిచ్చుక, దెయ్యం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయిందని ప్రకటించింది. ఎందుకు వెళ్ళిందని టీచరు అడిగితే, అమ్మమ్మ ఇంకో నెల ఉంటుందని దానికి తెలిసిపోయిందని చెప్పింది.