మూడో అంతస్తులో ఆగిపోయింది

ఆదివారం పొద్దున దుప్పట్లన్నీ వాషింగ్ మెషిన్‌లో వేసి, అది ఉతికేలోగా వంకాయ కూర చేసుకోవాలనుకుంది గీతాంజలి. నంద్యాలలో ఈ ఫ్లాట్ అద్దెకు తీసుకున్నదే ఓనరు పెట్టించిన ఆ మెషిన్ కోసం. భర్త వెంకటేష్ ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. అతని బట్టల్లోని రాతిపొడి ఉతికి ఉతికి ఆమె అరచేతులు పగిలి నెత్తురు కారేవి. మెషిన్ కొందామంటే, "ఇద్దరి బట్టలకు మిషనేందీ?" అన్నాడు. నంద్యాల కంటి ఆసుపత్రిలో ఉద్యోగం రాగానే ఆమె ఒక్కతే వచ్చేసింది. అతను ఒక్కసారి కూడా ఈ గడప తొక్కలేదు. "ఈ రోజన్నా రా" అని మెసేజ్ పెట్టి, ఫోన్ మంచం మీద పడేసింది.

మంచం మీది దుప్పటితో పాటు ఫోన్ కూడా మెషిన్‌లోకి వెళ్లింది.

కాసేపటికి మెషిన్ గడగడలాడుతూ ముందుకు జరిగింది. సబ్బుపొడి ఎక్కువై తలుపు సందుల్లోంచి నురగ కక్కింది. చివరికి ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. పక్క ఫ్లాట్‌లో ఉండే ఓనరు రెబెకా వచ్చి చూసి, మెకానిక్ అమానుల్లా షాపుకు ఫోన్ చేసింది. అతను రాగానే తిరిగి ఫోన్ చేయిస్తామన్నారు. నురగ కారకుండా మెషిన్ మీద తెల్లదుప్పటి ఒకటి కప్పి, మిగిలినవి చేత్తో ఉతికి ఆరేయడానికి మోసుకుని గీతాంజలి మేడమీదికి పోయింది.

ఆళ్లగడ్డలో మెసేజ్ చూసి వెంకటేష్ మెత్తబడ్డాడు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. ఎన్నిసార్లు చేసినా అంతే. భయమేసి, గీతాంజలి ఎప్పుడో ఇచ్చిన ఓనరు నంబరుకు చేశాడు. రాళ్లు కోసే రొదలో రెబెకాకు "మూడో అంతస్తు", "ఎట్లుంది" అన్న మాటలే వినబడ్డాయి. మెకానిక్ అనుకుంది.

"యాడుండావప్పా? పొద్దున గడగడా వణికింది. నోట్లోంచి నురగ కక్కింది. ఇప్పుడు ఉలుకూ పలుకూ లేదు."

వెంకటేష్ చేతిలోని ఉలి జారిపోయింది. "అయ్యో దేవుడా!"

"ఒక్కనితో అయ్యేది కాదు, మనుషుల్ని పిల్చకరా. బలే బరువుంది. బాధపడొద్దులేప్పా, ఎట్లా పాతదైపోయింది. రేపే కొత్తదాన్ని తెచ్చుకుందాం."

అంత రాతిగుండె అతను చెక్కిన రాళ్లలో కూడా తగల్లేదు.

విగ్రహాలు మోసే వ్యాన్‌లో అన్న శ్రీనివాసులుతో, తోటి శిల్పులతో బయలుదేరాడు. దారిలో పూలదండ కొన్నారు. "మిషను కొనిచ్చింటే నాతోనే ఉండునన్నా" అని దారంతా ఏడ్చాడు. ఆ ఏడుపు మెట్లెక్కుతుంటే కింది ఫ్లాట్ల వాళ్లు బయటికొచ్చారు. ఎవరు పోయారో తెలియకపోయినా చెన్నమ్మ అనే ముసలామె తానూ అందుకుంది.

రెబెకా గీతాంజలి ఫ్లాట్ తలుపు తీసి, "ఏడుస్తాండారేందప్పా? లోపలుంది, ఎత్తండి" అంది.

కన్నీళ్లలో తెల్లదుప్పటి తప్ప ఇంకేమీ కనబడక వెంకటేష్ దాని మీద పడిపోయాడు. "లెయ్ గీతా! ఇంక నువ్వు చెప్పిందే వింటా. ఈడే ఉంటా. నీ బట్టలు గూడా నేనే ఉతుకుతా, లెయ్!"

ఖాళీ బకెట్‌తో వాకిట్లో నిలబడి గీతాంజలి అంతా వింది. అతను వెనక్కి తిరిగి ఆమెను చూసి కెవ్వుమన్నాడు. రెబెకా సంగతి చెప్పాక జనం నవ్వబోయారు. గీతాంజలి నవ్వలేదు.

"చచ్చిపోయినానంటే ఉరికొచ్చినావు. బతికుండి పిలిస్తే ఒక్కనాడన్నా రాలేదే?"

శ్రీనివాసులు దండను వీపు వెనక దాచుకున్నాడు. జనం ఒక్కొక్కరే దిగిపోయారు.

మోయడానికి వచ్చినవాళ్లు మెషిన్‌ను మోసుకుని అమానుల్లా షాపుకు వెళ్లారు. వెంకటేష్ వాళ్లతో వెళ్లలేదు. చొక్కా చేతులు మడిచి, మిగిలిన బట్టల ముందు కూర్చున్నాడు. ఆమె వద్దనలేదు. రాళ్లకు అలవాటుపడిన చేతులు కదా, సాయంత్రానికి గీతాంజలికి రెండు జాకెట్లు తక్కువయ్యాయి.