తగునో తగదో ఇంకా తేలలేదు

పిల్లల ఆటలు పిల్లలు ఆడటమంత ప్రమాదం ఇంకొకటి లేదు! ముందు తండ్రులు ఆడాలి. ఆడి, అలిసి, ఓడి, ఆ పైన సంతకం పెట్టాలి. మూడు వారాల స్వానుభవంతో చెబుతున్నాను.

నేను లిఫ్టు ఇన్‌స్పెక్టర్ని. నేను ఎక్కి, దిగి, కాగితం రాసిస్తేనే ఏ భవనంలోనైనా జనం లిఫ్టు ఎక్కాలి. పదిహేడేళ్ల సర్వీసులో ఎక్కకుండా సంతకం పెట్టిన లిఫ్టు ఒక్కటంటే ఒక్కటి లేదు. అలాంటివాణ్ణి, పదేళ్ల కూతురు ఫారం తెచ్చి చేతిలో పెడితే కళ్లు మూసుకుని గీకేస్తానా? మీరే చెప్పండి!

బడిలో ఆటల క్లబ్బు పెట్టారట. ట్యాబ్‌లో ఆడే బోర్డ్ గేమ్. దీవులు, ఓడలు, కోటలు, గొర్రెలు. ఎత్తులకు పైఎత్తులు వేయాలి, పక్క దీవితో పొత్తు పెట్టుకోవాలి. 'ఈ ఆట మా బిడ్డకు తగినదే' అని ఇంట్లో పెద్దలు సంతకం పెడితేనే క్లబ్బులో చేర్చుకుంటారు.

"ఒక్క సంతకమే కదా నాన్నా!" అంది అమ్మాయి.

"తనిఖీ చెయ్యకుండా ఎలాగమ్మా?" అన్నాను గంభీరంగా.

పిల్లలకు ఏం కనబడుతుందో తెలియాలంటే పిల్లల ఖాతాలోనే చూడాలి. అందుకని వయసు దగ్గర పది అని కొట్టాను. సంరక్షకుల నంబరు అడిగితే మా ఆవిడ నంబరు ఇచ్చాను. పద్ధతంటే పద్ధతే!

ఈ ఆట ఎంత గొప్పదో మొదటి వారంలోనే తేలింది. ఓర్పు నేర్పుతుంది: నా గొర్రెల ఓడ రేవు చేరేదాకా రెండు పూటలు అన్నం మాట మరిచాను. స్నేహం నేర్పుతుంది: 'పాలపన్ను' అనే పేరుతో ఆడే ఒక చిన్నారితో పొత్తు కుదుర్చుకున్నాను. మర్నాడే ఆ పొత్తు తెంచి, వాడి కోట పట్టేశాను. ప్రాణం ఎంత హాయిగా ఉందో!

పాలపన్ను ఊరుకున్నాడా? పగబట్టాడు. మంగళవారం పగలు పదకొండింటికి నా మూడు ఓడలూ ముంచేశాడు. నేనప్పుడు ఒక ఆఫీసు లిఫ్టును నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఆపుకుని, లోపల తనిఖీలో ఉన్నాను. కింద జనం బటన్ నొక్కీ నొక్కీ మెట్లెక్కడం మొదలుపెట్టారు.

అప్పుడు వెలిగింది నాకు. ఆ వేళప్పుడు బడి ఉంటుంది కదా!

'ఏం బాబూ, బడికి వెళ్లలేదా?' అని రాశాను.

'మీటింగ్‌లో ఉన్నా' అని జవాబొచ్చింది. 'నువ్వు వెళ్లలేదేం?'

'డ్యూటీలో ఉన్నా.'

ఆనక, 'మావాడికి తగునో లేదో చూస్తున్నా' అని రాశాడు. ఎంత బాధ్యతగల తండ్రి! మెల్లగా ఆరా తీస్తే, ఆ పిల్లల లీగంతా ఇలాంటి బాధ్యతతోనే కిటకిటలాడుతోంది.

"తేలిందా నాన్నా?" అని అమ్మాయి రోజూ అడిగేది. పరిశీలనలో ఉందనేవాణ్ణి. అది నా భుజం మీదుగా కాసేపు తెర చూసి వెళ్లిపోయేది. ఆ వెళ్లడం మాత్రం మనసులో ఎక్కడో గుచ్చుకునేది, దాచడం దేనికి? కానీ పాలపన్ను కాచుకుని కూర్చున్నాడు కదా!

ఫారానికి సోమవారం ఆఖరు. ఆదివారం పొద్దున మా ఆవిడ ఫోన్‌కి రిపోర్టు వచ్చింది.

'మీ చిన్నారి ఈ వారం ముప్పై తొమ్మిది గంటలు ఆడారు. ఓడిపోతుంటే మధ్యలో లేచిపోతున్నారు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడం లేదు. దగ్గర కూర్చోబెట్టుకుని నెమ్మదిగా చెప్పండి.'

మా ఆవిడ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. నెమ్మదిగా మాత్రం చెప్పలేదు. రోజుకు అరగంట చాలని తన ఫోన్‌లోంచే తాళం పెట్టి, పనిమీద బయటికి వెళ్లింది.

మధ్యాహ్నం పాలపన్ను ఆఖరి కోట నా చేతికి చిక్కబోతుండగా తెర బిగుసుకుపోయింది. 'చిన్నారీ, నీ సమయం అయిపోయింది. పక్కనున్న పెద్దలకు ట్యాబ్ ఇచ్చెయ్యి.'

గదిలో నేనూ, అమ్మాయీ ఉన్నాం. అది చెయ్యి చాచింది. నేను అటూ ఇటూ చూశాను. ఇంకెవరూ లేరు. ఇచ్చేశాను.

"ఇప్పుడు ఇక్కడ పెట్టు నాన్నా," అంటూ ఫారం, పెన్నూ నా ముందు పెట్టింది. 'ఇంట్లో పెద్దల సంతకం' అని ఉన్నచోట పెట్టాను. పదిహేడేళ్ల సర్వీసులో మొదటిసారి, నా సంతకం చెల్లుతుందా అని నాకే అనుమానం వచ్చింది.