పాతర మూత ఎన్నిసార్లు తీశారు?

పేరయ్య గేదె మంగళవారం పశువుల బదిలీ కార్యాలయానికి వెళ్లి, పక్కింటి అంకమరావు కొట్టానికి బదిలీ కావాలని దరఖాస్తు పెట్టుకుంది. కారణం అన్న గడిలో 'పాతర గడ్డి నాణ్యత' అని ఉంది. కింద కుడి గిట్ట ముద్ర. రసీదు తీసుకుని, పాలు పితికే వేళకు ఇంటికొచ్చేసింది.

పేరయ్యకున్నది ఆ ఒక్క గేదే. ఇంకెక్కడికి పోతానన్నా ఓర్చుకునేవాడేమో, అంకమరావు దగ్గరికి అనేసరికి అన్నం సయించలేదు.

"ఇద్దరం ఒక్కరోజే పచ్చగడ్డి కోసి గోతిలో పాతరేశాం. బెల్లం నీళ్లు ఆడికంటే నేనే రెండు బిందెలు ఎక్కువ చల్లా. ఆడి గడ్డిలో ఏం తేనె కారతందంటా?"

"దాన్నే అడుగు," అంది భార్య వీరాంజమ్మ. "నన్నడిగితే నేనూ దరఖాస్తు పెడతా."

గురువారం తనిఖీ అధికారి వచ్చాడు. అంకమరావు పాతరలో గుప్పెడు గడ్డి తీసి పిండాడు. చేతికి నీరు అంటలేదు. పచ్చపచ్చగా ఉంది, పుల్లమజ్జిగ వాసనేసింది. పేరయ్యది నల్లగా బూజు పట్టింది. గేదె ముఖం తిప్పుకుంది. అధికారి దాన్ని వాంగ్మూలంగా రాసుకున్నాడు.

"ముదరకముందే కోశావా?"

"కోశానండి."

"తడి ఎక్కువుంటే కుళ్లుద్ది. ఆరబెట్టావా?"

"ఒక పూటండి. సన్నగా నరికించా. గాలి లేకుండా ట్రాక్టరుతో తొక్కించా."

"నలభై అయిదు రోజులు మూత తియ్యకూడదు. ఎన్నిసార్లు తీశావు?"

పేరయ్య గేదె వైపు చూశాడు. గేదె అధికారి వైపు చూసింది.

"రోజూ పొద్దున్నే అండి. గోడ మీంచి ఆడి పాతర వాసన పీల్చుకుని, గబగబా వచ్చి నాది తీసి చూసుకునేవోణ్ణి."

ఫారంలో అందుకో గడి అచ్చయ్యే ఉంది: 'పక్కవాడితో పోల్చుకోవడానికి'. అధికారి టిక్కు పెట్టాడు.

"మండలంలో రెండొందల పన్నెండు పాతర్లు. రెండొందల తొమ్మిదింటికి ఇదే టిక్కు. దీన్ని తప్పు అని రాయొద్దని పైనుంచి ఉత్తర్వొచ్చింది. స్థానిక ఆచారం అని రాస్తున్నాం."

గేదె తన పలుపు తనే నోట కరుచుకుని గోడ అవతలికి వెళ్లింది. పేరయ్య బదిలీ కాగితం మీద సంతకం పెట్టాడు. రెండొందల తొమ్మిది అన్నమాట వినగానే రెండు రోజుల కడుపుమంట చల్లారినట్టయింది. కానీ ఎంతోసేపు కాదు.

"అయ్యా, అంకమరావు కాక ఆ మిగతా ఇద్దరూ ఎవరండి? ఏ ఊరు?"

అధికారి ఆశ్చర్యపోలేదు. చిరునామాలు అచ్చేయించిన కాగితం సంచిలోంచి తీసిచ్చి, ముట్టినట్టు రిజిస్టరులో సంతకం చేయమన్నాడు. పేరయ్యది రెండొందల తొమ్మిదో సంతకం.